పచ్చి ముక్కలకు కంచంలో ఒక మూల చాలు

ప్రశ్న: నమస్కారమండీ. మాది రాయగడ. నేను ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మావారికి షిఫ్టు డ్యూటీలు. పాప ఎనిమిదో తరగతి, బాబు ఒకటో తరగతి. మా అత్తగారు మాతోనే ఉంటారు, షుగరుకీ బీపీకీ మాత్రలు వాడతారు. వండకుండా పచ్చిగా తినే ఆహారం గురించి వీడియోలు చూసి, ఇంట్లో అందరికీ అలవాటు చెయ్యాలని మొదలుపెట్టాను. పొద్దున్న ఆనపకాయ రసం, లేదంటే కేరట్ బీట్‌రూట్ జ్యూసు. రాత్రి అన్నం మానేసి అందరికీ గిన్నెడు కూరగాయ ముక్కలు, మొలకలు. 12 రోజులు చేశాను. బాబు ముట్టుకోడు. పాప రాత్రి పదింటికి ఆకలేస్తోందని బిస్కెట్లు తింటోంది. "పచ్చివి మేయడానికి మనమేమైనా పశువులమా" అన్నారు అత్తగారు. మావారు సెకండ్ షిఫ్టు దిగి వస్తూ బయటే బజ్జీలు తినేసి వస్తున్నారు. నాలుగున్నరకి లేచి ఇవన్నీ తరుగుతుంటే ఎవరూ తినడం లేదు, ఏడుపొస్తోంది. వదిలెయ్యాలా? ఇంకోలా చెయ్యాలా? అసలు ఇది మంచిదేనా?
ఒక సోదరి, రాయగడ

జవాబు: అమ్మా, నాలుగున్నరకి లేస్తున్నానని రాశారు చూడండి, ఆ మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. వదిలెయ్యక్కర్లేదు. కానీ ఇప్పుడు చేస్తున్న పద్ధతి మాత్రం రేపటి నుంచే ఆపెయ్యండి. మీ ఇంట్లో ఎవరూ మీకు ఎదురు తిరగలేదు. ఇంటెడు వంట, స్కూలు పని ఎలాగూ ఉన్నాయి. వాటి మీద మీరు ఇంకో పూట పని నెత్తిన వేసుకున్నారు. వాళ్ళకేమో పుట్టినప్పటి నుంచి అలవాటైన రాత్రి అన్నం ఒక్కసారిగా తీసేశారు. మీకు అలుపు, వాళ్ళకి ఆకలి. 12 రోజులు నడిచిందంటే అది మీ ఓపికే.

మిగతా సంగతులు తర్వాత. ముందు రెండు జాగ్రత్తలు చెప్పాలి, ఇవి వాయిదా వేసేవి కావు.

ఒకటి ఆనపకాయ రసం. ఆనప, దోస, బీర జాతి కాయల్లో కుకుర్బిటాసిన్లు అనే చేదు పదార్థాలు ఉంటాయి. మామూలుగా అవి చాలా తక్కువ. ఎండ దెబ్బకో, నీళ్ళు చాలకో ఒక్కో కాయలో బాగా పెరుగుతాయి. అలాంటి కాయ రసం గ్లాసుడు తాగితే గంట తిరక్కుండా వాంతులు, విరేచనాలు, ఒక్కోసారి రక్తపు వాంతులు, బీపీ పడిపోవడం. షుగరుకి మంచిదని తాగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు మన దేశంలోనే ఉన్నారు. చేదుగా ఉన్న ఆనపకాయ రసం తాగొద్దని భారత వైద్య పరిశోధన మండలి నిపుణులు కూడా హెచ్చరించారు. ఉడికించినా ఆ విషం పోదు. అందుకని ఆనపకాయ రసం మానెయ్యండి. కూరో పులుసో వండేటప్పుడు కూడా ముందు రుచి చూడాలి. కొయ్యగానే చిన్న ముక్క నాలిక మీద పెట్టి చూడండి. చేదు తగిలితే ఉమ్మేసి, కాయ మొత్తం పారెయ్యండి. దోసకాయకీ ఇదే లెక్క. 'మందులా చేదు మంచిదే' అన్న మాట కాకరకాయకి చెల్లుతుంది, వీటికి చెల్లదు.

రెండోది మీ అత్తగారి రాత్రి భోజనం. షుగరు మాత్ర వేసుకుని, అన్నమో రొట్టో లేకుండా ఒట్టి కూరగాయ ముక్కలు తిని పడుకుంటే, కొన్ని రకాల మాత్రలతో తెల్లారేలోపు షుగరు బాగా పడిపోతుంది. చెమటలు, వణుకు, కంగారు, మాట తడబడటం దాని గుర్తులు. నిద్రలో అయితే ఎవరికీ తెలియదు. ఆవిడ తినే అన్నం కొలత మార్చాలంటే డాక్టరుతో మాట్లాడాకే మార్చండి. కిడ్నీ పరీక్షలో తేడా ఉందని ఎప్పుడైనా చెప్పి ఉంటే పచ్చి కూరల్లో, పండ్లలో ఉండే పొటాషియం సంగతి కూడా ఆయన్నే అడగండి. ఇక కేరట్ బీట్‌రూట్ జ్యూసు షుగరు ఉన్నవాళ్ళకి పనికొచ్చేది కాదు. పీచంతా వడకట్టేసి తీపి నీళ్ళు తాగినట్టే. నమిలే పళ్ళు లేకపోతే కేరట్ సన్నగా తురిమి పెరుగులో కలిపి ఇవ్వండి.

ఇప్పుడు మంచిదేనా అన్న ప్రశ్న. మంచిదే. కానీ అన్నీ పచ్చిగా తినేవి కావు. కూర తరిగి నీళ్ళలో నానబెట్టి, ఉడకబెట్టి, ఆ నీళ్ళు వార్చేస్తే సి విటమినూ, ఫోలేటు అనే బి విటమినూ చాలావరకు వాటితోనే పోతాయి. జామకాయ, ఉసిరి, నిమ్మ, కొత్తిమీర, పచ్చిమామిడి లాంటివి పచ్చిగా తింటేనే పూర్తి లాభం. అదే కేరట్లోని బీటా కెరోటిన్, టమాటాలోని లైకోపీన్ కాస్త నూనెతో ఉడికినప్పుడే ఒంటికి బాగా పడతాయి. రాజ్మా పచ్చిగా తింటే విషమే, మొలక వచ్చినా విషమే. చేమాకు గొంతు పట్టేస్తుంది. కర్రపెండలం ఉడకనిది నోట పెట్టకూడదు. పాలకూర పచ్చిగా గ్రైండ్ చేసి రోజూ గ్లాసులకొద్దీ తాగితే అందులోని ఆక్సలేట్లు కిడ్నీలో రాళ్ళకి దారి. కాబట్టి కంచంలో ఉడికినవీ ఉండాలి, పచ్చివీ ఉండాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, రోజుకి 2000 కేలరీలు అవసరమైన మనిషికి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు చెప్పింది. అది వండినవీ వండనివీ కలిపిన లెక్క. మన ఇళ్ళలో అన్నం కొండలా పెట్టి కూర గరిటెడు వేస్తాం. ఆ 400 గ్రాములు చాలామంది కంచాల్లోకి రావడం లేదు. మీ ఆరాటం అక్కడ పూర్తిగా సరైనదే.

పిల్లల సంగతి కాస్త వేరు. దోసకాయలో నూటికి 95 వంతులు నీళ్ళే. 100 గ్రాములు తిన్నా 15, 20 కేలరీలు మించవు. ఒకటో తరగతి పిల్లాడి పొట్ట ఎంత? ఆ చిన్న పొట్టని నీళ్ళ ముక్కలతో నింపేస్తే ఎదగడానికి కావలసిన అన్నం, పప్పు, గుడ్డు, పాలకి చోటు ఉండదు. పాప పదింటికి బిస్కెట్ల డబ్బా తీసిందంటే అది ఆకలే తల్లీ. కోప్పడకండి.

మీ అత్తగారి మాటకి మీరు బాధపడ్డారని రాతలోనే తెలిసింది. ఆవిడ కోణం నుంచి ఒకసారి చూడండి. ఆవిడ జీవితమంతా పచ్చివి తింటూనే ఉన్నారు, కాకపోతే ఎవరూ దానికి పేరు పెట్టలేదు. శ్రీరామనవమి వడపప్పు పొయ్యి ఎక్కుతుందా? చలిమిడి పచ్చి పిండే కదా. ఉగాది పచ్చట్లో మామిడి ముక్క, కొత్త చింతపండు, బెల్లం ఏదీ ఉడకదు. చద్దన్నంలోకి ఉల్లిపాయ, పచ్చిమిర్చి. దోసకాయ ముక్కల పచ్చడిలో పోపు ఒక్కటే వేడి తగిలేది, ముక్కలు కరకరలాడాల్సిందే. మా పర్లాకిమిడిలో మా వీధిలో సగం ఇళ్ళు ఒడియావాళ్ళవి. వాళ్ళు పఖాళలో, అంటే వాళ్ళ చద్దన్నంలో, దోసకాయ, ఉల్లిపాయ నంజుకుంటారు, పూజకి గజా ముగ పెడతారు. అంటే మొలకెత్తిన పెసలు. అందులో కొబ్బరి కోరు, అరటిపండు ముక్కలు, బెల్లం కలిపి చేతిలో పెడితే ఏ పిల్లాడైనా వద్దన్నాడేమో చెప్పండి. మీ పక్కింట్లోనూ చేసే ఉంటారు. వీడియోలో కనపడ్డ గిన్నె కొత్తది కాబట్టి ఆవిడకి అది పశువుల మేతలా అనిపించింది. వడపప్పు ఎదురుగా పెడితే ఆ మాట రాదు.

అందుకని నా సలహా ఒక్కటే. పచ్చి ఆహారానికి ప్రత్యేకంగా ఒక పూట ఇవ్వకండి. రోజూ వండే వంట పక్కనే, కంచంలో ఒక మూల, మనిషికి గుప్పెడు. అంతే. మొదటి 15 రోజులు పూటకి కాదు, రోజుకి ఒక్కటి చాలు. ఇడ్లీ చేసిన రోజు కొబ్బరి పచ్చట్లో కొత్తిమీర ఇంకో కట్ట పచ్చిదే వెయ్యండి. పప్పు చేసిన రోజు దోసకాయ పెరుగు పచ్చడి. ఉప్మా మీద నిమ్మకాయ పిండి, తురిమిన కేరట్ చల్లండి. మామిడికాయ దొరికే రోజుల్లో మామిడికాయ కొబ్బరి పచ్చడి. ముల్లంగి అంటే ముఖం తిప్పుకునే పిల్లలు కూడా ఉప్పు, నిమ్మరసం వేసి పది నిమిషాలు ఉంచిన ముల్లంగి చక్రాలు తింటారు, ఘాటు తగ్గిపోతుంది. వీటిలో ఏదీ పావుగంటకి మించిన పని కాదు. ఆరింటి దాకా పడుకోండి.

పాప గురించి ప్రత్యేకంగా ఒక మాట. ఈ వయసులో ఆడపిల్లలకి రక్తహీనత చాలా ఎక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తం తక్కువగా ఉందని తేలింది. ఆకుకూరలో, పప్పులో ఉండే ఇనుము ఒంటికి పట్టాలంటే అదే పూట సి విటమిను అందాలి. ఒక జామకాయ 100 గ్రాములుంటే అందులో 200 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది, పెద్దవాళ్ళకి రోజుకి కావలసినదానికి రెండింతల పైనే. తోటకూర పప్పు పెట్టిన రోజు బాక్సులో సగం జామకాయ పెట్టండి. అన్నం తినగానే టీ తాగే అలవాటు ఇంట్లో ఉంటే గంట ఆగమనండి, టీ ఆ ఇనుముని పట్టనివ్వదు. ఇంత చిన్న మార్పుకి ఇంత లాభం ఉన్న పని వంటింట్లో నాకు ఇంకోటి తెలియదు.

మన వైపు వాళ్ళకి పండ్లకేం కొరత చెప్పండి. బుధవారం చాటికోన సంతకి నియమగిరి కొండల నుంచి డొంగ్రియా కొంధ్ గిరిజన ఆడవాళ్ళు అనాసపండ్లు, అరటి, పనస, అల్లం, పసుపు దింపుతారు. అటు వెళ్ళేవాళ్ళు ఉంటే తెప్పించుకోండి. ఊరు దాటొచ్చిన ఆపిల్ కన్నా ఆ అనాస చవక, తాజా. అత్తగారికి మాత్రం రెండు ముక్కలే.

ఇక శుభ్రం. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, విసుక్కోకండి. ఉడికే వంటలో మన పొరపాట్లని పొయ్యి కాల్చేస్తుంది. పచ్చివాటికి ఆ రక్షణ లేదు. మీ కత్తిపీట ఒకసారి తెచ్చుకుని, బ్లేడు పీటకి దిగే చోట చూడండి. సన్నటి సందులో నల్లగా జిడ్డు పేరుకుని ఉంటుంది. ఆదివారం చేప కోసింది దాని మీదే, సోమవారం దోసకాయ కోసేదీ దాని మీదే. పైపైన కడిగితే ఆ సందులోది పోదు. పచ్చిగా తినేవాటికి ఒక చిన్న చాకు, ఒక పలక విడిగా పెట్టుకోండి, వాటిని చేపకీ కోడికీ ముట్టించకండి.

కూరగాయని కొయ్యకముందే కడగాలి, తరిగాక కాదు. పారే నీళ్ళ కింద వేళ్ళతో రుద్ది కడగాలి. కేరట్, ముల్లంగి మట్టిలోంచి వచ్చినవి కాబట్టి చెక్కు తీసి మళ్ళీ ఒకసారి కడగాలి. కొత్తిమీరకి ముందు వేళ్ళు కోసేసి, గిన్నెడు నీళ్ళలో ముంచి జాడించి, అడుగున మట్టి కనపడనంతవరకు నీళ్ళు మార్చాలి. ఉప్పు నీళ్ళలో వేస్తే పురుగులు పైకి తేలతాయి, అంతవరకే. కంటికి కనపడని క్రిములన్నీ దాంతో చచ్చిపోతాయని నమ్మకండి. సబ్బు అసలు వాడొద్దు. క్యాబేజీ మాత్రం పచ్చిగా పెట్టనే పెట్టొద్దని నా సలహా. మట్టీ మురుగూ తగిలిన కూరల మీద బద్దెపురుగు గుడ్లు ఉండొచ్చు. అవి కడుపులోకి పోతే మెదడు దాకా వెళ్ళి మూర్ఛలు తెప్పించగలవు. పొరలు పొరలుగా ఉన్న క్యాబేజీని విప్పి రుద్ది కడిగే ఓపిక పొద్దున్నపూట ఎవరికి ఉంటుంది? కూర చేసెయ్యండి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర పిల్లలు తప్పకుండా మింగేలా చూడండి.

మీరు రాసింది వానాకాలం మొదట్లో. ఈ మూడు నెలలూ ఇంకా జాగ్రత్త. 2022 జూలైలో మీ జిల్లాలోనే కాశీపూర్ బ్లాకులో కలరా వచ్చి ప్రాణాలు పోయాయి. ఈ రోజుల్లో ఆకులు పచ్చిగా వద్దు, పైన చెప్పిన పచ్చి కొత్తిమీర కూడా వానలు తగ్గాకే. చెక్కు తీసేవి, తొక్క వలిచేవి చాలు. నానబెట్టడానికి, చివరిసారి కడగడానికి కాచి చల్లార్చిన నీళ్ళే వాడండి. బయట కోసి పెట్టిన పండ్ల ముక్కలు పిల్లలకి కొనొద్దు.

మొలకల దగ్గర నాకు జరిగింది చెప్తాను. మా అబ్బాయి ఐదో తరగతిలో ఉండగా, మార్చి ఎండల్లో, పెసల మొలకల్లో ఉల్లిపాయ, నిమ్మరసం కలిపి ఆరున్నరకే స్టీలు డబ్బాలో పెట్టి బడికి పంపాను. వాడు ఒంటిగంటన్నరకి తిన్నాడు. మూత తీస్తే కొంచెం పుల్లటి వాసన వచ్చిందట, అమ్మ పెట్టింది కదా అని తినేశాడు. సాయంత్రం నుంచి వాంతులు, విరేచనాలు. రాత్రి రెండు సెలైన్లు ఎక్కించారు. వాడి చెయ్యి పట్టుకుని ఆ సూది వైపు చూస్తూ కూర్చున్న రాత్రి నాకు ఇప్పటికీ గుర్తే. మొలక రావడానికి ఏ వెచ్చదనం, ఏ తడి కావాలో క్రిములు పెరగడానికీ అవే కావాలని అప్పుడు నాకు తెలియదు. పెసలు 8 గంటలు నానాక మూట కట్టి, మధ్యలో రెండు మూడుసార్లు నీళ్ళతో జాడించండి. మొలక కనపడ్డ పూటే తినెయ్యాలి. జిగురొచ్చినా వాసన మారినా పారబొయ్యాలి. బాక్సులో పెట్టొద్దు. అత్తగారికి, బాబుకి అయితే ఇడ్లీ పాత్రలో 5 నిమిషాలు ఆవిరి మీద ఉంచి, చల్లారాక నిమ్మకాయ పిండండి. వానాకాలంలో మీ అందరికీ ఇదే పద్ధతి. కాస్త సి విటమిను పోతే పోయింది, నిమ్మకాయ తెచ్చిస్తుంది.

బాబుకి గిన్నె ముందు పెట్టి తినమనకండి. కేరట్ పొడుగ్గా కోసి, మీరు పప్పు పోపు పెడుతున్నప్పుడు వాడి చేతిలో ఒకటి పెట్టండి. వంటింట్లో నిలబడి తినేది పిల్లలు మారాం చెయ్యకుండా తింటారు. వద్దంటే నాలుగు రోజులాగి మళ్ళీ ఇవ్వండి. కొత్త రుచి పదిసార్లు ఎదురుపడ్డాక గానీ పిల్లలు ఒప్పుకోకపోవచ్చు, అది మామూలే. తరిగే పనిలో సగం పాపకి అప్పజెప్పండి. దోసకాయ చివర కోసి రుచి చూసే పని వాడికివ్వండి. ఇంట్లో అందరి తరఫునా చేదు చూసి చెప్పాల్సిన బాధ్యత తనదే అంటే వాడు ఆ ఉద్యోగం వదలడు.

మీ వారి సంగతి. సెకండ్ షిఫ్టు దిగి పది దాటాక ఇంటికొచ్చే మనిషికి వేడిగా, కడుపు నిండేది కావాలి. ఒళ్ళు అలిసి ఇంటికొస్తే పచ్చి ముక్కల గిన్నె కనపడుతుందని తెలిసే ఆయన బజ్జీల బండి దగ్గర ఆగారు. చారన్నం, కూర మూత పెట్టి ఉంచండి. పక్కన చిన్న ప్లేటులో నాలుగు దోసకాయ చక్రాలు, ఒక ఉల్లిపాయ ముక్క, నిమ్మకాయ బద్ద. ముక్కలు సాయంత్రమే కోసి పెట్టొద్దు. దోసకాయ కడిగి పెట్టేస్తే ఆయనే కోసుకుంటారు. ఆ మాట మీరు ఆయనతో విడిగా, కోపం లేని వేళ చెప్పండి. నాలుగున్నరకి లేచిన రోజులు ఆయనకి కూడా తెలియాలి.

మొదటి పని ఈ లక్ష్మివారం చెయ్యండి. కప్పు పెసరపప్పు కడిగి కాచి చల్లార్చిన నీళ్ళలో గంట నానబెట్టి, వార్చి, కొబ్బరి కోరు, సన్నగా తరిగిన దోసకాయ, ఉప్పు, నిమ్మరసం. ఐదుగురికీ తలో గుప్పెడు వస్తుంది. మీరు చెయ్యకండి, అత్తగారిని అడగండి. పప్పు ఎంత పొయ్యాలో, కొబ్బరి ఎంత పట్టాలో ఆవిడే చెప్తారు. పిల్లల చేతుల్లో కూడా ఆవిణ్ణే పెట్టమనండి.